నీలకంఠం గాటు పెట్టిన దుప్పులు

కొత్తడొంకవలసలో నీలకంఠాన్ని తిట్టకుండా పొద్దుపుచ్చినవాడు ఎవడైనా ఉంటే, వాడు ఆ పూట ఊళ్లో లేడన్నమాట. టీ బడ్డీ దగ్గర తిట్టేవారు, జీడితోటల్లో పిక్కలు ఏరుతూ తిట్టేవారు, ఆటోలో పలాస పోతూ దారి పొడుగునా తిట్టేవారు. ఆయనా తక్కువ తిన్నవాడు కాదు. ఎదురుపడిన ప్రతివాడికీ ముఖం మీదే జవాబు చెప్పేవాడు. ఏభై దాటిన మనిషి, బక్కపలచని ఒళ్లు, మోచేతుల దాకా మొగలి ముళ్లు గీరిన చారలు. ఊరికి వేటపెద్ద.

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే ఊరు వస్తుంది. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసక దిబ్బల మీద ఇరవై ఎకరాల మొగలి డొంక ఉండేది. మనిషి దూరితే చొక్కా మిగలదు, దుప్పి దూరితే మాత్రం ఇల్లు చేరినట్టే. ఏడాదికి ఒక్కసారి, చైత్రంలో అసిరితల్లి సంబరం అయిన మర్నాడు, అక్కడ వేట జరిగేది. డొంక ఈ చివర జనపనార వల కట్టి, ఆ చివర నుంచి డప్పులు కొట్టుకుంటూ మగాళ్లు వరసగా తోలుకొచ్చేవారు. వలలో పడ్డ మొదటి దుప్పిని చంపరు. వేటపెద్ద దాని ఎడమ చెవికి కత్తితో గాటు పెట్టి, పసుపు అద్ది, వదిలేస్తాడు. అది అమ్మవారిది. దానంతట అది చచ్చేదాకా దాని జోలికి ఎవడూ పోడు. రెండో దుప్పి ఊరిది. ఆ రెండోదానికీ చెవికి గాటు ఉందా, దాన్నీ వదిలేసి ఆ ఏడాదికి అందరూ ఉలవచారు తాగాల్సిందే.

సంబరం మర్నాడు తప్ప వేట లేదు. డొంకలో పుల్ల విరిచేది లేదు. వేటపెద్ద మాట శుద్ధిగా ఉన్నన్నాళ్లూ డొంక అమ్మవారిదేనని ఊరి కట్టుబాటు. తాత నుంచి తండ్రి అప్పలరాజుకీ, తండ్రి నుంచి నీలకంఠానికీ కత్తితో పాటు ఆ మాట కూడా వచ్చింది.

ఇదంతా విని నీలకంఠానిది జాలిగుండె అనుకునేరు. మాంసం ముక్క లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. వేట రోజు వస్తుందంటే నెల ముందు నుంచే ఒళ్లు నిలిచేది కాదు. డొంక ఉంటేనే దుప్పి, దుప్పి ఉంటేనే వేట, వేట ఉంటేనే తను. అంతకంటే పెద్ద వేదాంతం ఆయన బుర్రలో ఏమీ లేదు. అది చాలదూ?

తొంభై తొమ్మిది తుఫానుకి ఊళ్లో సగం కొబ్బరిచెట్లు నేలకూలాయి. పడినచోట మళ్లీ నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. కూలి పనుల్లేక ఊరు ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చున్న ఆ రోజుల్లో తారకేశ్వరరావు కన్ను డొంక మీద పడింది. నీలకంఠం భార్య సన్యాసమ్మకి స్వయానా తమ్ముడతను. పలాసలో జీడి ఫ్యాక్టరీ పెట్టి నాలుగు రాళ్లు వెనకేశాడు. వేలికి ఉంగరం, నోటికి తీపి. ఒకరోజు బావగారి ఇంటికి వచ్చి, అక్క ఇచ్చిన టీ తాగుతూ మొదలుపెట్టాడు.

"ఆ డొంక నీకేటి పెడతంది బావా? ముల్లు తప్ప అందల ఏటుంది?"

"దుప్పులున్నాయి."

"ఏడాదికో దుప్పి. ఊరంతా పంచుకుంటే మనిసికి మూడు ముక్కలు రావు. అదే జీడి అంట్లు ఏసినామనుకో, ఇంటికో మనిసికి పని. ఆడోళ్లకి పేక్టరీలో పని. రెవెన్యూవోళ్లతో నాను మాటాడుకుంటాను. నువ్వు ఒక్క మాట సెప్పు సాలు, ఊరు కాదనదు."

"సెప్తాను, ఇనుకో. డొంక మీద సెయ్యేసినోడికి సెయ్యుండదు."

తారకేశ్వరరావు నవ్వి గ్లాసు కింద పెట్టాడు. "అప్పా, మీ ఆయనకి మనుసుల కంటె దుప్పులెక్కువైపోనాయి," అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మొదలుపెట్టారు జనం. దుప్పులకి కాపలా కాసేవాడు మన పిల్లలకి కూడు పెడతాడా అన్నారు. టీ బడ్డీవాడు ఆయన వస్తే పాలు అయిపోయాయనేవాడు, వెనకాలే వచ్చినవాడికి పోసేవాడు. బాబ్జీ అనేవాడు ఆయన గేదెను కంచె తెంపి రోడ్డు మీదకి తోలేశాడు. నీలకంఠం ఊరుకున్నాడా? బాబ్జీ ఇంటి ముందు నిలబడి వాడి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించి వచ్చాడు. సన్యాసమ్మ తల పట్టుకునేది. ఒకవైపు మొగుడు, ఒకవైపు తమ్ముడు. బోరింగు దగ్గర తన బిందె పక్కన ఎవరూ బిందె పెట్టేవారు కాదు.

ఈ గోరుచుట్టు మీద రోకలిపోటు ఒకటి పడింది. ఆదివారాల్లో టౌను నుంచి తుపాకులు పట్టుకుని జీపులో కుర్రాళ్లు రావడం మొదలైంది. సరదా వేట. వాళ్లకి దారి చూపించేది బాబ్జీయే. ఒక శీతాకాలంలో మూడు దుప్పులు పోయాయి. తుపాకీ మోత విని నీలకంఠం కర్ర పట్టుకుని పరిగెత్తేసరికి ఇసక మీద నెత్తురు తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒకసారి మాత్రం మొగలి చాటు నుంచి కళ్లారా చూశాడు. ఒక దుప్పి దిబ్బ ఎక్కి నిలబడింది. టౌను కుర్రాడు గురి పెట్టాడు. బాబ్జీ గబుక్కున తుపాకీ గొట్టం కిందికి నొక్కేశాడు.

"దాన్ని ఒగ్గీండి బాబూ. సెవి సూడండి, గాటుంది. అమ్మోరిది. దాన్ని ముట్టుకుంటే నా ఇంట దీపముండదు."

బాబ్జీ లాంటి వెధవకి కూడా ఆ భయం ఉంది. నీలకంఠానికి అక్కడే ఆలోచన తట్టింది. ఒక్క చెవికి గాటుంటే ఒక్కటి బతికింది. అన్ని చెవులకీ గాటుంటే? అప్పుడు డొంకలో ఉన్నదంతా అమ్మవారి మందే. ఆ మందను ఎవడు ముడతాడు, దాని ఇంటిని ఎవడు నరుకుతాడు?

రెండు వేల ఒకటిలో సంబరం అయ్యాక పని మొదలుపెట్టాడు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి అప్పన్నను తోడు తెచ్చుకున్నాడు. అప్పన్న చేపల వలలు అల్లేవాడు, వేటవల చిరిగితే బాగుచేసేదీ అతనే. తెల్లారగట్ల దుప్పులు మేతకు పోయి తిరిగొచ్చే దారిలో వల కట్టేవారు. పడినదాని కళ్లకి తువ్వాలు కప్పి, అప్పన్న దాని కాళ్లు అదిమి పట్టుకుంటే, నీలకంఠం గాటు పెట్టి పసుపు అద్ది వదిలేసేవాడు. అంత బలిసిన దుప్పిని చేతుల్లోంచి వదిలేస్తుంటే నోట్లో నీళ్లూరేవి, తిట్టుకుంటూ వదిలేవాడు.

"సంబరం మర్నాడు కాదు గదా మావా, తప్పు కాదేటి?" అని అప్పన్న ఒకసారి అడిగాడు.

"అమ్మోరి పనే సేత్తన్నాం. అమ్మోరికి తెల్దేటి?" అన్నాడు నీలకంఠం.

అమ్మవారికి తెలుసేమో. సర్కారుకి మాత్రం తెలియలేదు. నెల రోజుల్లో పదకొండింటికి గాట్లు పెట్టారు. పన్నెండోదాని చెవి దగ్గర కత్తి ఉండగా ఫారెస్టు జీపు దిబ్బ పక్కన ఆగింది. బాబ్జీ చూసి తారకేశ్వరరావుకి చెప్పాడు, తారకేశ్వరరావు ఫారెస్టువాళ్లకి ఫోను కొట్టాడు. అప్పన్న పల్లె వైపు పరిగెత్తాడు. నీలకంఠం పరిగెత్తలేదు. చేతిలో కత్తి, కత్తికి నెత్తురు, వలలో దుప్పి. ఇంక సాక్ష్యం దేనికి?

ఆఫీసులో ఫారెస్టు ఆఫీసరు కుర్చీలో కూర్చుని రాసుకుంటుంటే నీలకంఠం ఎదురుగా నిలబడి వాదించాడు.

"సంపనేదు గదా బాబూ. ఒగ్గీడానికే పట్టినాను."

"వల వేసి పట్టడం కూడా వేట కిందికే వస్తుంది. గాయం చేశావు కూడా."

"మరి మా బామ్మర్ది డొంకంతా నరికీత్తానంటన్నాడు. డొంక పోతే దుప్పులెక్కడుంటాయి? ఆడి మీద కూడా రాయండి కేసు."

ఆఫీసరు కలం ఆపి తల ఎత్తాడు. మంచి మనిషే, విసుక్కోలేదు. "డొంక మా కిందికి రాదయ్యా. అది రెవెన్యూ పోరంబోకు. జింక ఒక్కటే మాది," అన్నాడు.

చెవి కోస్తే కేసుంది. ఇల్లు కోస్తే కేసు లేదు. నీలకంఠాన్ని ఆ రోజు నుంచి ఆ ఆఫీసు గదిలోనే ఉంచేశారు.

మూడో రోజు పొద్దున్న సన్యాసమ్మ కేరేజీలో అన్నం పట్టుకొచ్చింది. వెనకాల తారకేశ్వరరావు. ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఊళ్లోకి బుల్డోజరు మిషను దిగింది. రేపు డొంక కాడికి తోల్తారట," అంది. "తప్పు ఒప్పుకుంటే జరిమానా కట్టించుకోని ఒగ్గీత్తారట. ఆడు కడతానంటన్నాడు. సంతకం ఎట్టీసి వొచ్చీ."

"నాను ఏటాడనేదు. ఏటాడినానని ఎలగ ఎట్టనే?"

"కాయితం మీద మాటకేటి? నువ్విక్కడ కూకుంటే అక్కడ ఆపీవోడెవడు? నువ్వు లేనప్పుడు సేసీయాలనే గదా ఆళ్ల ఎత్తు."

తారకేశ్వరరావు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తమ్ముడు సిగ్గుపడి, తప్పు దిద్దుకోవడానికి వచ్చాడనే ఆమె అనుకుంది. నీలకంఠం కాయితం అందుకున్నాడు. ఆయనకి చదువు అంతంత మాత్రం, కూడబలుక్కుని చదివాడు. ఫలానా తేదీల్లో నేను జింకలను వేటాడినట్టు ఒప్పుకుంటున్నాను. ఆ 'వేటాడినట్టు' దగ్గర వేలు ఆగిపోయింది. తండ్రి గుర్తొచ్చాడు. డొంక గుర్తొచ్చింది. చివరికి డొంకే గెలిచింది. పేరు రాసేసి కలం బల్ల మీదకి విసిరాడు.

సాయంత్రానికి ఇంటికి చేరాడు. తెల్లారేసరికి డొంక దగ్గర ఉన్నాడు, చేతిలో కర్రతో, మీదకి వస్తే మిషను కింద పడుకునేవాడే. మిషను వచ్చింది. కానీ కదలకుండా డొంక మొదట్లో నిలబడి ఉంది. ఊరంతా ఇసకలో కూర్చుని ఉంది, పంచాయతీకి కూర్చున్నట్టు. మధ్యలో పెద్దాయన రామూర్తి. పక్కన తారకేశ్వరరావు, చేతిలో జెరాక్సు కాయితం.

"బావా, ఈ సంతకం నీదేనా?"

నీలకంఠానికి అప్పుడు అర్థమైంది. కర్ర మీద చెయ్యి బిగిసింది. "నాదే."

"సంబరం మర్నాడు తప్ప ఏటాడకూడదని అమ్మోరి ఆన. ఏటాడినావని నువ్వే రాసిచ్చినావు. రాసుందా నేదా?"

"రాసుంది."

"ఇంకేటి మరి. ఏటపెద్ద మాట సెడిపోనాది. ఇంక డొంక అమ్మోరిది కాదు. నానంటన్న మాట కాదిది, కట్టుబాటు."

అబద్ధమని అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. గాటు పెట్టిన దుప్పులు రోజూ వాళ్ల కళ్లముందే తిరుగుతున్నాయి, ఒక్కటీ చావలేదు. అయినా ఒక్కడు నోరు విప్పలేదు. కూలి పని అంత తీపి మరి. రామూర్తి ఇసకలో వేలితో గీతలు గీస్తూ, తల ఎత్తకుండానే, "కానియ్యండి," అన్నాడు. మిషను మోగింది. కర్రతో ముందుకి దూకిన నీలకంఠాన్ని నలుగురు పట్టుకున్నారు. ఆ నలుగురూ ఏటా ఆయన వెనక డప్పులు కొట్టినవాళ్లే.

సన్యాసమ్మ జనంలోంచి నడిచి వచ్చి తమ్ముడి ముందు నిలబడింది. ఏడవలేదు.

"ఒరే తారకేసూ. నాను సెప్తేనే ఎట్టినాడ్రా ఆ సంతకం. నా నోటితోటే ఆడి గొంతు కోయించినావు. నాను సత్తే నువ్వు రాకు. నువ్వు సత్తే నాను రాను."

అన్నట్టే ఉంది. ఆ తరవాత ఎన్నడూ తమ్ముడి గడప తొక్కలేదు.

నాలుగు రోజుల్లో డొంక నేలమట్టమైంది. దుప్పులు పగటిపూటే బయటికి పరిగెత్తాయి. రెండు హైవే మీద లారీల కింద పడ్డాయి. ఒకదాన్ని కుక్కలు సముద్రంలోకి తరిమాయి, అది తిరిగి రాలేదు. మిగిలినవి ఎటు పోయాయో ఎవడికీ తెలియదు. చెవి గాటు చూసి కుక్క ఆగుతుందా, లారీ ఆగుతుందా? వానలు పడగానే ఆ నేలలో జీడి అంట్లు నాటారు, వరసలు తీసి, చుట్టూ ముళ్లతీగ వేసి. అదే కూలి. నాటడం అయిపోయాక పని కూడా అయిపోయింది. ఫ్యాక్టరీలో ఆడవాళ్లకి పని ఏదని అడిగితే, పిక్క కొట్టే మిషన్లు తెప్పిస్తున్నానని తారకేశ్వరరావు తీపిగానే చెప్పాడు.

నీలకంఠం ఆ ఏడాదంతా ఎవరితోనూ మాట్లాడలేదు, తిట్టను కూడా లేదు. తిట్టు పడని ఊరికి అదేదో భయంగా ఉండేది.

మళ్లీ చైత్రం వచ్చింది. సంబరం అయింది. మర్నాడు పొద్దున్నే రామూర్తి ముందు నడవగా అరవై మంది మగాళ్లు డప్పులతో నీలకంఠం గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డారు. సన్యాసమ్మ వాళ్లని చూసి లోపలికి పోయింది. నీలకంఠం అరుగు మీదే కూర్చున్నాడు.

"ఏటి?" అన్నాడు.

"వేట గదా," అన్నాడు రామూర్తి. "అమ్మోరికి తప్పకూడదు. ఊళ్లో అప్పుడే మూడు పశువులు పోనాయి."

"మాట సెడిపోనోణ్ని గదా నాను."

"సెడినా వల నీ ఇంట్లోదే. నువ్వు నడపాలి."

నీలకంఠం వాళ్ల ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. వీళ్లు నిజంగానే వచ్చారు. ఏ డొంకలో తోలాలో ఒక్కడూ ఆలోచించలేదు. నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు ఆయనకి. లేచాడు.

"సరే. ఎప్పుడూ నడిసిన దారే నడాల. బుజం బుజం కలిపి నడాల, వరస ఇడకూడదు. వల్లో దుప్పి పడీవరకు తోలకం ఆపకూడదు. మీ తాతలెట్టిన రూలే. ఒప్పుకుంటే రండి, నేపోతే పొండి."

ఒప్పుకున్నారు. తాతల మాట ఎవడు కాదంటాడు? వల మోసుకెళ్లి, డొంక చివర ఎప్పుడూ కట్టే చోటే కట్టాడు. ఇప్పుడది తారకేశ్వరరావు జీడితోట చివర. అవతలి చివరికి పోయి ముళ్లతీగ దగ్గర నిలబడి, "తియ్యండి," అన్నాడు. తీశారు. డప్పులు మోగాయి. అరవై మంది భుజం భుజం కలిపి మోకాలెత్తు అంట్ల మీదుగా నడిచారు. వాటిని నాటింది ఆ చేతులే, తొక్కింది ఆ కాళ్లే.

మొదటి తోలకానికి వలలో ఏమీ పడలేదు. వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టారు. రెండో తోలకం సగంలో తారకేశ్వరరావు పలాస నుంచి మోటారు సైకిలు మీద వచ్చి పడ్డాడు. చొక్కా బొత్తాలు కూడా సరిగా లేవు.

"బావా, ఆపు. అంట్లన్నీ సచ్చిపోతన్నాయి. నీ కాళ్లు పట్టుకుంటాను."

"అమ్మోరి వేటకి అడ్డు రాకూడదు తారకేసూ," అన్నాడు నీలకంఠం, నడక ఆపకుండానే. "నానంటన్న మాట కాదిది. కట్టుబాటు."

తారకేశ్వరరావు రామూర్తి వైపు చూశాడు. రామూర్తి తల దించుకుని నడిచాడు. మూడో తోలకం, నాలుగోది, ఐదోది. ఎండ మాడ్చేస్తోంది. డప్పులవాళ్ల వేళ్లు కందిపోయాయి. ఆరో తోలకానికి తోటలో నిలబడి ఉన్న అంటు ఒక్కటీ లేదు. తారకేశ్వరరావు గట్టు మీద కూలబడి తల మీద చేతులు పెట్టుకున్నాడు. నీలకంఠానికి సంతోషం వేసింది. ఉన్నమాట చెప్పాలి, చాలా సంతోషం వేసింది. ఏడాదిగా గుండెలో పెట్టుకు తిరిగిన మంట ఆ కాసేపు చల్లారింది.

ఏడో తోలకంలో అది కూడా పోయింది. పొద్దుటి నుంచీ ఆయన తెలియకుండానే ఇసకలోకి చూస్తూ నడుస్తున్నాడు, ఒక్క గిట్ట అచ్చు కోసం. పాతదైనా సరే, ఒక్కటి. ఇసక నిండా మనుషుల పాదాలు తప్ప ఏమీ లేవు. వల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. వల గాలికి ఊగుతోంది, ఖాళీగా. అరవై మందీ దాని ముందు వరసగా నిలబడిపోయారు. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తాము ఏం చేశారో అప్పుడు చూసినట్టున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

రామూర్తి వల ముందుకి వచ్చాడు. "ఎప్పుడాపుదుం నీలకంఠం?" అని అడిగాడు.

"దుప్పి పడ్డాక," అన్నాడు నీలకంఠం. వల గుంజ వదులైతే ఇంకాస్త లోతుకి దిగగొట్టి, మళ్లీ అవతలి చివరికి నడక మొదలుపెట్టాడు. కాసేపు చూసి, ఒక్కొక్కరే ఆయన వెనక బయల్దేరారు.